కంపవాతరోగి - శస్త్రచికిత్సా సమయమున ఔషధ నియమము



శస్త్రచికిత్స జరుగు దినమున రోగికి ఆహార మీయరాదని మన గ్రామములలో చిన్నపిల్లలు కూడ ఎఱుగుదురు. కడుపు ఖాళీగా నుండవలెనని ఆస్పత్రివారు చెప్పినతోడనే మన యింటివారు అన్నము, నీరు, మందుమాత్రలు అన్నియు ఒక్కుమ్మడి మానిపించి, మిగుల జాగ్రత్త వహించితిమని తృప్తి చెందుదురు. కాని కంపవాతరోగి విషయమున ఈ జాగ్రత్తయే అపాయమునకు హేతువగును. పస్తుండవలసినది అన్నమునకే గాని మందునకు గాదు. నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఈ యొక్క మాటయే. తక్కినదంతయు దీనికి వ్యాఖ్యానము.

నేను వైద్యుడను గాను. చిరకాలము పాఠశాలలో తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొని, అహోబిల క్షేత్ర పరిసరమున కాలము గడపుచున్న ఉపాధ్యాయుడను. ఏ మాత్ర ఎంత మ్రింగవలెనో చెప్పుట నా పని గాదు. అది వైద్యుని యధికారము. కాని ఆ మాత్ర వేళ తప్పకుండ చూచుట ఇంటివారి ధర్మము. ఆ ధర్మమును గుఱించి మాత్రమే మాటలాడెదను.

మొదట వ్యాధి స్వరూపమును తెలిసికొందము. దీనిని మనవారు వణుకుడు రోగమందురు. మాధవనిదానమున వాతవ్యాధులలో వేపథువను పేరు కలదు. వేపథువనగా వణుకు. లండను నగర వైద్యుడైన జేమ్సు పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని వర్ణించి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అందు ఆయన వివరించినది ఆర్గురు రోగుల స్థితి మాత్రమే. అయినను ఆ వర్ణన యెంత సమగ్రముగా నుండెననగా, పిమ్మట లోకమంతయు ఈ వ్యాధిని ఆయన పేరనే పార్కిన్సన్ వ్యాధియని పిలుచుచున్నది. చేయి ఊరక యున్నపుడు వణకుట, అవయవములు బిగుసుకొనుట, ప్రతి పనియు మందగించుట, అడుగులు కుఱుచయగుట, ముఖమున భావము కానరాకుండుట, కంఠస్వరము సన్నగిల్లుట - ఇవి దీని లక్షణములు. వణుకు లేకయే బిగువును, మాంద్యమును గలవారును కొందఱు కలరు.

మన మెదడు అడుగుభాగమున నల్లని వర్ణము గల చిన్న ప్రదేశ మొకటి కలదు. అందలి కణములు డోపమైన్ అను ద్రవ్యమును పుట్టించును. మనము చేయి చాపవలెనన్నను, మెట్టు ఎక్కవలెనన్నను, ముద్ద మ్రింగవలెనన్నను, ఆ చలనము సాఫీగా సాగుటకు ఈ ద్రవ్యము వలయును. బండి యిరుసునకు కందెన యెట్టిదో మన కదలికకు ఇది యట్టిది. ఈ వ్యాధిలో ఆ కణములు క్రమముగా నశించును. కందెన తఱిగిపోవును. ఇరుసు బిగియును.

ఈ రహస్యము బయటపడిన విధము వినదగినది. సర్పగంధ యను మన దేశపు మూలికనుండి రిసర్పిన్ అను పదార్థమును 1952లో వేఱుచేసిరి. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో దానిని కుందేళ్లకు ఇచ్చి చూడగా అవి కదలక మెదలక పడియుండెను. పిదప వానికి లీవోడోపా యను మందును ఎక్కింపగా కొంతసేపటికే లేచి తిరుగజొచ్చెను. ఆ పరిశోధనలకు ఆయనకు 2000లో నోబెలు బహుమానము లభించినది. ఆ లీవోడోపా మనకు క్రొత్త వస్తువు గాదు. నల్లమల యంచులలో కంచెలపై ప్రాకు దూలగొండి తీగను మీరెల్లరు ఎఱుగుదురు. దాని కాయపై నూగు తగిలినచో ఒడలెల్ల దురద పుట్టును. సంస్కృతమున దానిని కపికచ్ఛువందురు. ఆ గింజలలో ఈ పదార్థము కలదని భారతీయ శాస్త్రజ్ఞులగు దామోదరన్, రామస్వామి 1937లోనే వెల్లడించిరి. ఒక మూలిక కదలికను హరించుటయు, మఱియొక మూలికయందున్న ద్రవ్యము దానిని తిరిగి యిచ్చుటయు ఎంత వింత!

డోపమైనును మాత్రగా మ్రింగినచో అది మెదడులోనికి పోజాలదు. లీవోడోపా పోగలదు. పోయి, అచట డోపమైనుగా మాఱును. త్రోవలోనే మాఱిపోకుండ కాపాడుటకు కార్బిడోపా యను తోడు మందును కలిపి మాత్రలు చేయుదురు. మన యూళ్లలో సిన్‌డోపా యను పేర దొరకు మాత్ర ఇట్టిదే.

ఇపుడు అసలు విషయమునకు వత్తము. ఈ మందు శరీరమున నిలువ యుండునది గాదు. నెత్తురున చేరిన లీవోడోపా ఇంచుమించు గంటన్నరలో సగమగును. అందుచేతనే వైద్యులు దీనిని దినమునకు మూడు నాలుగు మాఱులు, వ్యాధి ముదిరినవారికి అంతకంటె ఎక్కువ మాఱులు ఇత్తురు. ఇది గాదెలో పోసిన ధాన్యము వంటిది గాదు. కాలువనుండి మడికి పాఱు నీటివంటిది. మడవ మూసినచో మడి యెండును.

ఒక లెక్క వేసి చూతము. ఒక రోగి ఉదయము 6 గంటలకు, 11 గంటలకు, సాయంకాలము 4 గంటలకు, రాత్రి 9 గంటలకు మాత్ర మ్రింగువాడనుకొందము. మఱునాడు ఉదయము 9 గంటలకు శస్త్రచికిత్స యని చెప్పిరి. రాత్రి 9 గంటల మాత్రతో అన్నియు మానిపించిరి. వేఱొక రోగి అత్యవసరముగా వచ్చినందున ఇతని వంతు మధ్యాహ్నము 1 గంటకు పోయినది. 4 గంటలకు మంచము చేర్చిరి. రాత్రి 7 గంటలకు నీరీయవచ్చుననిరి. అనగా 22 గంటలు మందు లేదు. మూడు వేళలు తప్పినవి. గంటన్నరకొక మాఱు సగమగుచు 14 మాఱులు సగమైన వస్తువులో మిగులునది 16,384 వంతులలో ఒక వంతు. అది లేనట్లే గదా! ఇందు ఎవ్వరును తప్పు చేసినవారు కారు. ప్రతివాడును తన నియమమును తాను పాటించెను. అయినను రోగి కొయ్యబాఱెను.

మందు తప్పినందువలన కలుగు కీడు వణుకు హెచ్చుట మాత్రమే యని తలపరాదు. ఱొమ్ము కండరములు బిగిసి ఊపిరి చాలక పోవును. దగ్గలేడు. మ్రింగుశక్తి తగ్గి, ఉమ్మియు నీరును పొలమాఱి ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా వచ్చును. కదలలేక పడియున్నందున వీపున పుండ్లు పడును. కాళ్ల నరములలో నెత్తురు గడ్డకట్టవచ్చును. మనస్సు కలత చెందును. అరుదుగా తీవ్రజ్వరము, శరీరమంతయు కఱ్ఱవలె బిగియుట, చెమటలు, తెలివి తప్పుట కలిగి ప్రాణమునకే మోసము రావచ్చును. మందు హఠాత్తుగా ఆగుటవలన వచ్చు ఈ యుపద్రవమును పెద్ద వైద్యులు ప్రత్యేకముగా హెచ్చరించుచున్నారు.

మా యెఱుకలోని పెద్ద యొకరి కథ చెప్పెదను. పేరును, ఊరును అవసరము లేదు. డెబ్బది దాటినవారు. ఇంటి గడపకు కాలు తట్టుకొని పడగా తుంటి యెముక విఱిగెను. పట్టణమున ఒక ఆస్పత్రికి కొనిపోయిరి. ఎముక చక్కగా కుదిరెను. కాని మఱునాటికి ఆయన నోరు తెఱువలేదు. ఱెప్ప వేయక చూచుచుండెను. చొంగ కాఱుచుండెను. మత్తుమందు వికటించినదని కుమారులు విలపించిరి. నేను చూడబోయిన సమయమున ఒక యువ వైద్యురాలు వచ్చి, "ఈ తాతగారు ఇంటివద్ద ఏ మాత్రలు వాడుచుండిరి? ఏ వేళకు?" అని అడిగెను. కోడలు మంచము క్రిందనుండి ఒక గుడ్డసంచి తీసెను. రెండు దినములనుండి ఆ మాత్రలు ఆ మంచము క్రిందనే యున్నవి! వైద్యురాలు ముక్కుగొట్టము ద్వారా మందు ఇప్పించెను. మఱునాటి సాయంకాలమునకు వ్రేళ్లు కదలినవి. మూడవనాడు ఆయనయే మంచినీరడిగిరి. అయినను అప్పటికే పొలమాఱి న్యుమోనియా పట్టినందున మఱి రెండు వారములు అచటనే యుండవలసి వచ్చెను. మంచము మీదికి రావలసిన మందు మంచము క్రింద నుండుటచేత వచ్చిన కష్టమది.

ఇట్లేల జరుగును? కారణము కలదు. నెత్తురు పలుచన చేయు మందులను శస్త్రచికిత్సకు కొన్ని దినములు ముందు ఆపుమందురు. మధుమేహపు మాత్రలలో పెక్కింటిని ఆనాటి యుదయము వలదందురు. అవి సహేతుకములే. వానిని చూచి మనవారు అన్ని మాత్రలును అట్టివేయని తలంతురు. లీవోడోపా వానికి విరుద్ధమైనది. దానిని చికిత్సా దినమున సైతము, కొలది నీటిగుక్కతో, వేళకు ఈయవలెననుటయే నేటి వైద్యుల సామాన్యమతము.

మఱి ఉపవాస నియమము మాటయేమి? మత్తులో నున్నపుడు కడుపులోనిది పైకివచ్చి ఊపిరితిత్తులలో పడకుండుటకే ఆ నియమము. సామాన్యముగా గట్టి ఆహారము 6 గంటల ముందును, తేటనీరు 2 గంటల ముందును ఆపుదురు. ఈ రోగులలో కొందఱికి కడుపు మెల్లగా ఖాళీయగును గనుక మత్తువైద్యుడు ఆ గడువును పెంపవచ్చును. చివరి మాత్ర ఏ గంటకో ఆయనతోనే తేల్చుకొనవలయును. మన ధర్మశాస్త్రములును ఈ వివేకమును చూపినవి. వ్రతభంగము చేయనివి ఎనిమిది యని లెక్కించి, అందు నీటిని, ఔషధమును చేర్చిన పెద్దలు మనవారు. ఏకాదశినాడు ఔషధమునకు దోషము లేనపుడు, ఆస్పత్రి ఉపవాసమున దానికి దోషమెక్కడిది?

ఇక ఇంటివారు చేయవలసిన పనులను క్రమముగా చెప్పెదను.

మొదటిది: కాగితము. ఒక కాగితమున రోగి మ్రింగు ప్రతి మందు పేరును, బలమును, గడియారపు వేళను వ్రాయవలెను. "దినమునకు నాలుగు మాఱులు" అని వ్రాసిన చాలదు. ఆస్పత్రివారు తమ మందుల వేళలకు దానిని సర్దుదురు. 6, 11, 4, 9 అని అంకెలతోనే వ్రాయవలెను. ఆ కాగితము ప్రతులు మూడు: ఒకటి శస్త్రవైద్యునకు, ఒకటి మత్తువైద్యునకు, ఒకటి నర్సునకు.

రెండవది: మాత్రలు. ఆస్పత్రిలో దొరకునులే యని పోరాదు. అహోబిలమునుండి ఆళ్లగడ్డకు సుమారు 25 కిలోమీటర్లు. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు సుమారు 40. అక్కడినుండి కర్నూలునకు పంపినచో మఱి 70. విఱిగిన తుంటితో 108 బండిలో పోవు రోగికి ఈ త్రోవలోనే ఒక వేళ దాటిపోవును. కావున మాత్రలు పెట్టెతో గూడ చేతనుండవలెను.

మూడవది: వంతు. వీలైనచో ఆనాడు మొదటి వంతు ఇమ్మని వినయముగా అడుగవలెను. ఆలస్యమైనచో, "వేళ వచ్చినది, మాత్ర ఈయవచ్చునా?" అని నర్సును అడుగవలెను. అడుగుట అవిధేయత గాదు.

నాలుగవది: మత్తు విధము. కొన్ని చికిత్సలకు నడుమున సూదివేసి క్రింది భాగమునకు మాత్రమే మత్తు ఈయవచ్చును. అపుడు రోగి మెలకువతో నుండి త్వరలో మాత్ర మ్రింగగలడు. ఏది తగునో వైద్యుడే నిర్ణయించును. వణుకు తీవ్రమైనచో కంటిశుక్లము వంటి సున్నితమైన పనికి అది అడ్డగును గనుక ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఐదవది: పడని మందులు. ఇది మిక్కిలి ముఖ్యము. శస్త్రచికిత్స పిమ్మట వాంతి వచ్చుట సహజము. దానికి సాధారణముగా ఇచ్చు మెటోక్లోప్రమైడ్, అనగా పెరినార్మ్, మెదడులో డోపమైను పనిని అడ్డగించును. స్టెమెటిల్ అను ప్రోక్లోర్‌పెరజైనును అట్టిదే. వృద్ధుడు రాత్రి కలవరపడినచో ఇచ్చు హాలోపెరిడాలును అట్టిదే. ఒక చేత లీవోడోపా యిచ్చి మఱియొక చేత వీని నిచ్చుట, దీపము వెలిగించి దానిపై కుండ బోర్లించుట వంటిది. వాంతికి డోంపెరిడోన్, ఒన్‌డాన్‌సెట్రాన్ అనునవి సామాన్యముగా తగినవని వైద్యులు చెప్పుదురు. వానికిని గుండెస్థితిని, తక్కిన మందులను బట్టి విచారణ కలదు. "కంపవాతరోగి: మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, హాలోపెరిడాల్ ఈయరాదు" అని ఆ కాగితముననే ఎఱ్ఱసిరాతో వ్రాయుట మేలు.

ఆఱవది: తక్కిన కంపవాత ఔషధములు. సెలిజిలిన్, రాసాజిలిన్ అను మాత్రలు వాడువారికి పెథిడిన్, ట్రమడాల్ అను నొప్పిమందులు కలిసినచో ప్రమాదము రావచ్చును. కొందఱు వైద్యులు ఆ మాత్రలను ఒకటి రెండు వారములు ముందు ఆపించెదరు. కొందఱు కొనసాగించి ఆ నొప్పిమందులను వర్జించెదరు. ఏ మార్గమైనను వారికి తెలిసినపుడే గదా! పేసిటేన్ వంటి మాత్రలు ముసలివారి మనస్సును తికమక పఱచును. అయినను వానిని మనంతట మనము హఠాత్తుగా మానిపింపరాదు.

ఏడవది: యంత్రము గలవారు. హైదరాబాదులోని నిమ్స్ వంటి పెద్ద ఆస్పత్రులలో కొందఱికి మెదడులో సన్నని తీగెలను, ఱొమ్మున చిన్న విద్యుద్యంత్రమును అమర్చుచున్నారు. శస్త్రశాలలో రక్తస్రావము నాపుటకు విద్యుత్పరికరము వాడుదురు. కాన యంత్రమున్న సంగతిని ముందే చెప్పి, దానిని అమర్చిన వైద్యుల సలహా పొందవలెను. డయాథెర్మీ యను విద్యుత్తాప చికిత్స వారికి సర్వథా నిషిద్ధము. యంత్రమును నడపు చేతిపెట్టెను వెంట తీసికొనిపోవుట మఱువరాదు.

శస్త్రచికిత్స ముగిసిన పిదప మొదటి ప్రశ్న: రోగి మ్రింగగలడా? మ్రింగగలిగినచో నిటారుగా కూర్చుండబెట్టి మాత్ర ఈయవలెను. మ్రింగలేనిచో బలవంతముగా నోట పోయరాదు. ముక్కుగొట్టము ద్వారా ఇచ్చు ఉపాయము కలదని వైద్యునికి జ్ఞాపకము చేయవలెను. ఒక హెచ్చరిక: మెల్లగా కరగునట్లు చేసిన మాత్రలు కొన్ని కలవు. వానిని నూఱరాదు. నూఱినచో మందంతయు ఒక్కమాఱే విడుదలయగును. వానికి బదులు మామూలు మాత్ర ఎంత యీయవలెనో వైద్యుడు లెక్కకట్టును.

పాలు, పప్పు, గ్రుడ్లు మొదలగు వానిలోని మాంసకృత్తులు ఈ మందు పేగులనుండి నెత్తురునకును, అచటినుండి మెదడునకును చేరుటకు పోటీపడును. ఇనుము మాత్రయు దీని బలమును తగ్గించును. కావున భోజనమునకు ఇంచుమించు అరగంట ముందు మాత్ర ఈయుట మంచిది. మలబద్ధము కలుగకుండ చూడవలెను. రోగిని లేవనెత్తునపుడు మొదట కూర్చుండబెట్టి, కొంత తాళి, పిదప నిలువబెట్టవలెను. ఈ వ్యాధిలో నిలుచున్నంతనే రక్తపు పోటు పడిపోయి, మఱల నేలగూలువారు కలరు. రాత్రి లేనివి కనబడుచున్నవని కలవరించినచో తిట్టరాదు, కట్టివేయరాదు. దీపముంచి, కండ్లజోడు పెట్టి, ఎఱిగినవారు ప్రక్కన కూర్చుండి మాటలాడవలెను. వైద్యునికి చెప్పవలెను.

మఱియొక మాట. లీవోడోపా యున్నది గదాయని దూలగొండి గింజల పొడిని స్వయముగా వాడువారు కలరు. ప్రకృతిదైనను మందు మందే. పొడియు, మాత్రయు కలిసి మోతాదు మించవచ్చును. పొడిని దాచిపెట్టి మాత్రలను మాత్రమే చెప్పినచో వైద్యుని లెక్క తప్పును. వాడుచున్నచో చెప్పుడు. చెప్పుటలో సిగ్గులేదు.

ఆస్పత్రులు మునుపటికంటె చేరువైనవి. 2023లో నంద్యాలయందే ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. కాని వైద్యుడెంత విద్వాంసుడైనను, మన యింటి వృద్ధుడు ఉదయము ఏ గంటకు మాత్ర మ్రింగునో ఆయనకు తెలియదు. అది మనకే తెలియును. మనము చెప్పవలెను. రోగి నోరు బిగిసినపుడు ఆ నోటికి బదులు మాటలాడవలసినది మన నోరే.

చదువెఱిగిన పెద్దలకు నాదొక విన్నపము. మీ యింట ఇట్టి రోగి లేకపోవచ్చును. మీ వీధిలో ఉండవచ్చును. ఆ యింట అక్షరజ్ఞానము లేకపోవచ్చును. రేపు ప్రొద్దున ఒక పావుగంట తీఱిక చేసికొని ఆ యింటికి పోయి, మాత్రల పెట్టెలను ముందుంచుకొని, పేర్లును, గంటలును, పడని మందులును పెద్ద యక్షరములతో ఒక కాగితమున వ్రాసి యిండు. మందుల దుకాణమువానికో, వైద్యునికో చూపి సరిచూచుకొనుడు. ఆపద వచ్చిన రాత్రి వ్రాయుటకు తీఱిక యుండదు. ఇపుడు వ్రాసిన ఆ కాగితము నాడు పనికివచ్చును.

సెలవు.